జూన్‌లో మా ప్రయాణం, మల్లికేమో సెప్టెంబరు దాకా కుదరదట!

హైదరాబాద్ మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు మే మొదటి వారంలో రాసిన ఉత్తరం ఇది. తన పేరు వద్దన్నారు. కుక్క పేరు రాసుకోవచ్చన్నారు.

ఆవిడకు 35 ఏళ్లు. భర్త ఫిబ్రవరిలో ఉద్యోగం మీద జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్లారు. ఈవిడకూ తొమ్మిదేళ్ల బాబుకూ ఫ్యామిలీ వీసాలు వచ్చాయి. వీసా జూన్ 15 నుంచి సెప్టెంబరు 12 వరకు. జూన్ 20కి టికెట్లు కూడా కొనేశారు. ఇక మిగిలింది మల్లి. ఆరేళ్ల క్రితం వానాకాలంలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వణుకుతూ దొరికిన తెల్ల కుక్కపిల్ల. అచ్చమైన ఇండీ, అంటే మన నాటు కుక్క. ఇప్పుడు 18 కిలోలుంది. బాబు మంచం పక్కనే దాని పడక.

మల్లికి ఏటా సెప్టెంబరులో రేబిస్ టీకా వేయిస్తున్నారు, కార్డు కూడా జాగ్రత్తగా దాచారు. కుక్కను గుర్తుపట్టడానికి చర్మం కింద పెట్టే మైక్రోచిప్ సంగతి మాత్రం వీసా వచ్చేదాకా వాళ్లకు తెలియదు. ఏప్రిల్ 28న చిప్ వేయించి, పెంపుడు జంతువుల్ని విదేశాలకు పంపే ఒక ఏజెంటు దగ్గరికి ఫైలు పట్టుకెళ్లారు. అతను చూసి, "టీకా చిప్‌కన్నా ముందు పడింది మేడమ్, ఇది చెల్లదు. అయినా టెన్షన్ పడకండి. చిప్ పోయినేడాది ఆగస్టులోనే వేసినట్టు రాయించేద్దాం. అంతా కలిపి రెండున్నర లక్షలవుతుంది" అన్నాడట.

భర్తకు ఫోన్ చేస్తే, "డబ్బిచ్చి పని కానియ్, లేదంటే ఊళ్లో అమ్మావాళ్ల దగ్గర వదిలెయ్" అన్నారు. అత్తగారేమో, "మనుషులకే వీసాలు దొరక్క చస్తుంటే కుక్కకు కాగితాలేంటమ్మా" అంటున్నారు. వాళ్లది నల్గొండ వైపు పల్లె. కుక్కను గుమ్మం ఎక్కనివ్వరు. ఖమ్మం దగ్గర తమ్ముడున్నాడు. తోట ఉంది, రెండు కుక్కలున్నాయి, "నేను చూసుకుంటాలే అక్కా" అంటున్నాడు. దుబాయ్ మీదుగా తీసుకెళ్తే రక్తపరీక్ష అక్కర్లేదని ఒక స్నేహితురాలు చెప్పింది. వీటన్నిటి మధ్య, తాను తీసుకున్న ఫ్లాట్ యజమానికి కుక్క సంగతి ఇంకా చెప్పలేదని మొన్న భర్త నోరు జారారు. బాబు అయితే, "మల్లి రాకపోతే నేనూ రాను" అని భీష్మించుకు కూర్చున్నాడు.

"ఏజెంటు చెప్పినట్టు చేయమంటారా? చేయకపోతే మల్లిని వదిలేసి వెళ్లినదాన్ని అవుతానా?" ఇదీ ఆవిడ ప్రశ్న.

* * *

మీ ఉత్తరంలో రెండు చిక్కులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి కాగితాలది, ఇంకోటి ఇంట్లోది. కాగితాల చిక్కు విడదీస్తే ఇంట్లో చిక్కు సగానికి తగ్గుతుంది. కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం.

ఐరోపా సమాఖ్య దేశాలకు మన దేశం నుంచి కుక్కను తీసుకెళ్లాలంటే వరస ముఖ్యం. ముందు చిప్. తర్వాత రేబిస్ టీకా. టీకా పడ్డాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయాలి. ఆ రక్తాన్ని సమాఖ్య గుర్తించిన ల్యాబ్‌కు పంపితే, రేబిస్ యాంటీబాడీలు (టీకా వల్ల ఒంట్లో పుట్టే రక్షణ కణికలు) మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నట్టు రిపోర్టు రావాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు గడిస్తే తప్ప కుక్క అక్కడ అడుగు పెట్టకూడదు. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు, రక్తం తీసిన రోజు నుంచి. చాలామంది ఇక్కడ లెక్క తప్పుతారు.

ఆరేళ్లు క్రమం తప్పకుండా వేయించిన టీకాలు లెక్కలోకి రావనేసరికి మీకు ఒళ్లు మండిందన్నారు. మండుతుంది మరి. కానీ అటువైపు కూర్చున్న అధికారి కళ్లతో మీ టీకా కార్డు చూడండి. "మల్లి, ఆడ, తెలుపు" అని ఉంటుంది. పక్కన టీకా సీసా మీది స్టిక్కరు, డాక్టరు సంతకం ఉంటాయి. ఆ తెల్ల కుక్కా, ఈ తెల్ల కుక్కా ఒకటేనని చెప్పేది ఆ కార్డులో ఏదీ లేదు. చిప్‌లోని 15 అంకెలే ఆ మాట చెబుతాయి. అందుకే చిప్‌కు ముందు పడిన టీకా వాళ్ల దృష్టిలో వేరే కుక్కకు పడిన టీకా.

ఇక రక్తపరీక్ష, మూడు నెలల ఆగుడు ఎందుకంటే, రేబిస్ లెక్కల్లో మన దేశం ఉన్న చోటు అలాంటిది. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవారిలో మూడో వంతుకు పైగా మన దేశంలోనే ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జర్మనీ 2008లో తన నేల మీది జంతువుల్లో రేబిస్ లేదని ప్రకటించుకుంది. టీకాకు ముందే జబ్బు అంటుకుని ఉంటే అది బయటపడటానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ వ్యవధి ఇక్కడే గడిచిపోవాలన్నది వాళ్ల ఉద్దేశం. మల్లి మీద అనుమానం కాదిది.

ఇప్పుడు మీ క్యాలెండర్ తీయండి. ఈ వారంలోనే, మే 10న టీకా పడిందనుకుందాం. జూన్ 9కి ముందు రక్తం తీయకూడదు. సరిగ్గా జూన్ 9న తీస్తే సెప్టెంబరు 9 దాటాకే మల్లి విమానం దిగాలి. మీ టికెట్ జూన్ 20. అంటే మల్లి మీతో ఆ విమానంలో రావడం ఏ దారిలోనూ కుదరదు. ముందు ఈ మాట మనసుకు చెప్పుకోండి. తర్వాతి నిర్ణయాలు తేలికవుతాయి.

"ఏ దారిలోనూ" అన్నానుగా, ఏజెంటు దారి కూడా అందులో ఉంది. అతను చెప్పిందే తీసుకుందాం. చిప్ పోయిన ఆగస్టులో వేసినట్టు రాశాడు. అప్పుడు సెప్టెంబరు టీకా చెల్లుతుంది. సరే. కానీ రక్తం ఇంకా తీయలేదు కదా? రేపే తీసినా మూడు నెలలంటే ఆగస్టు. జూన్ 20కి పంపాలంటే రక్తం మార్చిలోనే తీసినట్టు కూడా రాయాలి. ల్యాబ్ రిపోర్టులో రక్తం తీసిన తేదీ, అది తమకు అందిన తేదీ రెండూ ఉంటాయి. మార్చిలో తీసిన రక్తం మే నెలలో ల్యాబ్‌కు చేరితే అడగరా? లేదంటే ల్యాబ్ రిపోర్టే దొంగది తయారు చేయాలి. మీతో ఒక అబద్ధం అని చెప్పి మూడు అబద్ధాల పనికి బేరం పెట్టాడు. ఆ రెండో, మూడో అబద్ధాల ఊసు మీ దగ్గర ఎత్తలేదంటే, అతనికి నిబంధనలైనా తెలిసి ఉండవు, తెలిసీ డబ్బు ముట్టాక చెబుదాంలే అనుకుని ఉంటాడు.

దొరికితే ఏమవుతుంది? కాగితాలు సరిగా లేని జంతువును ఏం చేయాలన్నది సమాఖ్య చట్టంలో రాసే ఉంది. వచ్చిన దేశానికి తిప్పి పంపుతారు. లేదా కావలసినన్నాళ్లు క్వారంటైన్‌లో పెడతారు. ఈ రెండూ కుదరకపోతే చివరి మార్గంగా చంపేయడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. ఖర్చంతా యజమానిదే. పైగా ఆరోగ్య ధ్రువపత్రంతో పాటు యజమాని ప్రకటన ఒకటి ఉంటుంది, దాని మీద సంతకం మీ ఇంటివాళ్లదే. ఏజెంటు పేరు ఎక్కడా ఉండదు. కొత్త దేశంలో మీ ఆయన ఉద్యోగం, మీ నివాస అనుమతి ఇంకా కుదురుకోని రోజుల్లో తప్పుడు పత్రం మీద సంతకం పెట్టి ఇరుక్కోవడం అవసరమా అన్నది మీ ఇద్దరూ మాట్లాడుకోండి. నన్నడిగితే అతనికి ఇవ్వబోయే అడ్వాన్సు ఆపేయండి.

ఏజెంట్లందరూ ఇలాంటివాళ్లేనని అనడం లేదు. విమానంలో చోటు బుక్ చేయడం, సరైన కొలతల బోను తెప్పించడం, అధికారుల దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవడం లాంటి పనులు వాళ్లు బాగా చేస్తారు. తీరిక లేనివాళ్లు అందుకు డబ్బిస్తే తప్పులేదు. తేదీలు మాత్రం డబ్బుతో కదలవు.

దుబాయ్ మాట కూడా చూద్దాం. మీ స్నేహితురాలు పూర్తిగా కల్పించి చెప్పలేదు. దుబాయ్ ఉన్న యూఏఈ, ఐరోపా సమాఖ్య రక్తపరీక్ష అడగని దేశాల జాబితాలో ఉంది. అక్కడ పెరిగిన కుక్క జర్మనీ వెళ్లాలంటే ఈ రక్తపరీక్ష అడగరు. కానీ హైదరాబాద్ నుంచి బయల్దేరి దుబాయ్‌లో విమానం మారినంత మాత్రాన మల్లి దుబాయ్ కుక్క అయిపోదు. అది బయల్దేరింది భారతదేశం నుంచే.

సరే, జూన్ 20న మల్లి రాదు. అప్పుడేం చేయొచ్చు? నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. మూడింటికీ ఈ వారం చేయాల్సిన పని ఒక్కటే, చిప్ స్కాన్ చేయించి టీకా వేయించడం. మల్లిని తీసుకెళ్లాలా వద్దా అని ఇంకా తేలకపోయినా సరే, ఆ టీకా వేయించేయండి. దానికయ్యేది వందల్లోనే. ఆలస్యం చేసిన ప్రతి రోజూ అవతలి చివర ఒక రోజు వెనక్కి జరుగుతుంది.

మొదటి దారి, మీ ముగ్గురూ సెప్టెంబరు దాకా ఆగి కలిసి వెళ్లడం. వినడానికి ఇదే బాగుంటుంది. బాబు చదువుకు కూడా పెద్ద నష్టం లేదు. స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రంలో కొత్త విద్యాసంవత్సరం సెప్టెంబరు మధ్యలో మొదలవుతుంది. కానీ మీ వీసా సెప్టెంబరు 12తో అయిపోతుంది. మల్లికి దారి తెరుచుకునేది 9 దాటాక. మధ్యలో మూడు రోజులు! విమానంలో కుక్కకు చోటు దొరక్కపోయినా, ల్యాబ్ రిపోర్టులో అంకె తప్పు పడినా, పరీక్షలో యాంటీబాడీలు తక్కువ వచ్చినా మీ వీసానే పోతుంది. అంతా సవ్యంగా జరిగి దిగినా, వీసా గడువు ముగిసేలోపే అక్కడి విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతికి దరఖాస్తు పడాలి. దిగిన మర్నాడే, జెట్‌లాగ్‌లో, భాష రాని ఊళ్లో, పిల్లాణ్నీ కుక్కనూ వెంటేసుకుని! వీసా తేదీలు జరపమని కాన్సులేట్‌ను అడగండి, అడగడంలో తప్పులేదు. జరుపుతారన్న నమ్మకంతో మాత్రం టికెట్లు రద్దు చేసుకోవద్దు.

రెండో దారి, మీరూ బాబూ జూన్ 20న వెళ్లిపోవడం, మల్లి ఖమ్మంలో తమ్ముడి దగ్గర ఉండటం, అక్టోబరులో ఒకరు వచ్చి తీసుకెళ్లడం. రక్తం తీసే పని జూన్ 9 తర్వాత, మీరు ఇక్కడుండగానే అయిపోతుంది. రిపోర్టు వచ్చేది మీరు వెళ్లాక కావచ్చు, తమ్ముడు అందుకుంటాడు. మూడు నెలలు తోటలో గడిచిపోతాయి. దసరాకు ఎలాగూ ఇంటికి రావాలనుంటుంది, ఎండలు కూడా తగ్గుతాయి. మండే ఎండల్లో చాలా విమాన సంస్థలు జంతువుల్ని ఎక్కించుకోవు కూడా.

ఈ దారిలో ఒక గోతి ఉంది. అది చూపించకుండా ఇటు వెళ్లమంటే తప్పు నాదవుతుంది. "మీరు వెళ్లండి మేడమ్, సెప్టెంబరులో మేమే కార్గోలో పంపించేస్తాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కానీ యజమాని ప్రయాణానికి అటు ఐదు రోజులు, ఇటు ఐదు రోజుల లోపు కుక్క ప్రయాణం జరిగితేనే దాన్ని పెంపుడు జంతువు ప్రయాణంగా లెక్కేస్తారు. ఆ గడువు దాటితే అది వ్యాపార సరుకు కింద లెక్క. ధ్రువపత్రం వేరు, తనిఖీలు వేరు, ఖర్చు వేరు. మీరు రాతపూర్వకంగా అధికారం ఇస్తే మీ బదులు తమ్ముడు కుక్కను వెంటబెట్టుకుని రావచ్చు గానీ, అప్పుడు కూడా ఆ ఐదు రోజుల లోపు యజమాని ప్రయాణం చేసి తీరాలి. కాబట్టి ఇద్దరిలో ఒకరు ఇండియా రాక తప్పదు.

ఆ ఒకరు మీ ఆయనైతే మంచిది. మీ నివాస కార్డు అక్టోబరుకు చేతికి వస్తుందో రాదో చెప్పలేం. వీసా గడువు ముగిసి, కార్డు రాకుండా దేశం దాటితే తిరిగి వెళ్లడం కష్టం. ఆయన ఫిబ్రవరిలోనే వెళ్లారు, ఆయన కార్డు ఈపాటికి వచ్చి ఉండాలి, కనుక్కోండి. ఇక్కడే ఇంకో మెలిక. ఆరోగ్య ధ్రువపత్రంలో యజమాని అన్న చోట ఎవరి పేరుందో వాళ్లే యజమాని. చిప్ కాగితం, టీకా కార్డు ఇప్పుడు మీ పేరు మీద ఉంటాయి, అవునా? అవి అలాగే ఉండిపోయి ఆయన వచ్చి తీసుకెళ్తే, ఆయన మీరు అధికారమిచ్చిన మనిషి మాత్రమే అవుతారు. మీరేమో ఆ ఐదు రోజుల్లో ప్రయాణమే చేయలేదు. అందుకని కొత్త టీకా వేయించేటప్పుడే డాక్టరుతో మాట్లాడి యజమానిగా ఆయన పేరు రాయించండి. రక్తపరీక్ష ఫారంలో, ఆ తర్వాత ప్రతి కాగితంలో అదే పేరు, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తోనే. ఇది తేదీ మార్చడం లాంటి పని కాదు. మల్లి ఆయన కుక్క కూడా కదా.

మూడో దారి, మల్లిని తమ్ముడికే ఇచ్చేయడం. "వదిలేసినదాన్ని అవుతానా" అని అడిగారు. అవ్వరు. కుక్కను మళ్లీ వీధిలో దింపి వెళ్లిపోయేవాళ్లను వదిలేశారంటాం. తోట, తోడుగా రెండు కుక్కలు, మీ ఇంటి మనిషి ఉన్న చోట దాన్ని ఉంచడం వేరు. మల్లి ఆరేళ్లది, ఇండీ, ఎండకూ మట్టికీ అలవాటు పడినది. మూడో అంతస్తు ఫ్లాటు, మంచు, రోజుకు మూడుసార్లు గొలుసుతో నడక దానికి ఇష్టమవుతాయో లేదో ముందే తెలియదు. చాలా కుక్కలు అలవాటు పడతాయి, నిజమే. తోటలో దానికి ఏ లోటూ ఉండదన్నది కూడా నిజమే. కానీ నల్గొండ మాట మాత్రం వద్దు. అత్తగారి మీద కోపంతో అనడం లేదు. కుక్కను గుమ్మం ఎక్కనివ్వని ఇంట్లో, ఆరేళ్లు మంచం పక్కన పడుకున్న కుక్కను పెరట్లో కట్టేస్తే అటు ఆవిడకూ, ఇటు దానికీ సుఖం ఉండదు. ఆ పెద్దావిడను ఇందులోకి లాగకుండా ఉంటేనే మీ ఇద్దరికీ మాట మిగులుతుంది.

ఖర్చు, వీసా, కుక్క క్షేమం అన్నీ తూచి చూస్తే నా మొగ్గు రెండో దారి వైపే. అయితే ఆ దారి మీద నమ్మకం పెట్టుకునే ముందు తేలాల్సినది ఒకటుంది. అదే మీ ఆయన నోరు జారిన మాట.

ఫ్లాట్ యజమానికి కుక్క సంగతి తెలియదు. మీ ఉత్తరంలో ఈ మాట ఒక్క వాక్యంలో వచ్చి పోయింది గానీ, నాకు మిగతా అన్నింటికన్నా ఇదే బరువుగా కనిపించింది. జర్మనీలో అద్దె ఒప్పందంలో "కుక్కలు, పిల్లులు అసలు వద్దు" అని గంపగుత్తగా అచ్చు వేసిన షరతు చెల్లదని అక్కడి ఫెడరల్ కోర్టు 2013లో చెప్పింది. అలాగని ఎవరికీ చెప్పకుండా తెచ్చుకోవచ్చని కాదు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది, ఇల్లు ఎంత, కుక్క ఎంత అన్నవి చూసి ఏ కేసుకా కేసు తేల్చుకోవాలి. మీ ఆయన ఇప్పుడు ఒక మెయిల్ రాస్తే సరిపోతుంది: ఆరేళ్ల కుక్క, 18 కిలోలు, ఇంట్లో అలవాటైనది, కుక్క వల్ల ఎవరికైనా నష్టం జరిగితే కట్టే బాధ్యతా బీమా తీసుకుంటాం. ఫొటో కూడా పెట్టమనండి. ఆ ఇంటాయన వద్దంటే ఇల్లు మారడానికి మీకు అక్టోబరు దాకా సమయం ఉంది. ఈ విషయం కుక్క దిగాక బయటపడితే ఏ సమయమూ ఉండదు.

ఆయన ఎందుకు చెప్పలేదో కూడా ఆలోచించండి. అక్కడ ఇల్లు దొరకడం ఎంత కష్టమో విన్నవాళ్లెవరికైనా అర్థమవుతుంది. నెలలుగా ఒంటరిగా ఉన్నారు, మీరూ బాబూ వస్తే చాలని ఉంటుంది. "డబ్బిచ్చి పని కానియ్" అన్నది మల్లి మీద చిరాకు కాకపోవచ్చు, మీ ప్రయాణం వాయిదా పడుతుందన్న భయం కావచ్చు. కాబట్టి ఈసారి ఫోన్లో "కుక్కా, మేమా" అన్న చోట మొదలుపెట్టకండి. "మేం 20న వచ్చేస్తున్నాం. మల్లి అక్టోబరులో. నువ్వు వచ్చి తీసుకెళ్లగలవా?" అని అడగండి. ఆయన చేయలేనంటే కారణమేంటో అప్పుడు తెలుస్తుంది. సెలవు లేదా, డబ్బా, అసలు ఇష్టం లేదా? ఒక్కోదానికి ఒక్కో జవాబు. ఇష్టమే లేకపోతే మూడో దారి గురించి ఇద్దరూ నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఆయనకు ఇష్టం లేని కుక్కను చలికాలంలో పొద్దున్నే ఆయన చేత నడిపించడం ఎన్నాళ్లు సాగుతుంది?

బాబుకు ఏం చెప్పాలి అంటే, ఉన్నదున్నట్టు. తొమ్మిదేళ్లవాడికి క్యాలెండర్ అర్థమవుతుంది. టీకా రోజు, రక్తం తీసే రోజు, మూడు నెలలు నిండే రోజు వాడి చేతే గుర్తు పెట్టించండి. "వచ్చేస్తుందిలే నాన్నా" అని ఊరికే సముదాయించకండి. పరీక్షలో తేడా వస్తే ఆలస్యమవుతుందని, ఇంటాయన ఒప్పుకోకపోతే ఇల్లు వెతకాలని కూడా చెప్పండి. మూడో దారికే వెళ్తే ఆ మాట విమానం ఎక్కక ముందే చెప్పాలి. అక్కడ దిగాక చెబితే వాడు మల్లినీ, మీ మాట మీద నమ్మకాన్నీ ఒకేసారి పోగొట్టుకుంటాడు.

ఇక చేతి పనులు. క్లినిక్‌లో టీకాకు ముందు చిప్‌ను స్కానర్‌తో చదివించండి. తెర మీద వచ్చిన 15 అంకెల్ని కార్డు మీది నంబరుతో మీరే వేలు పెట్టి పోల్చండి. రక్తం సీసా మీది చీటీ, ల్యాబ్ ఫారం, రిపోర్టు అన్నిటా అదే నంబరు ఉండాలి. ఒక్క అంకె అటూ ఇటూ అయినా అది వేరే కుక్కే. టీకా కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, ఎప్పటి దాకా చెల్లుతుందో స్పష్టంగా రాయించండి. ఈ టీకా గడువు తీరేలోపే వచ్చే ఏడాది బూస్టర్ పడాలి, అక్కడైనా సరే. గడువు దాటితే ఈ రక్తపరీక్ష పనికిరాకుండా పోతుంది. పరీక్ష ఫెయిలవుతుందేమోనని మీరు భయపడ్డారు గానీ, ఏటా టీకా పడిన పెద్ద కుక్కల్లో ఈ అంకె సాధారణంగా బాగానే వస్తుంది. ఆ ఆరు టీకాలు కాగితం మీద లెక్కకు రాకపోయినా మల్లి ఒంట్లో లెక్కకు వస్తాయి.

జాతి అన్న గడిలో ఇండీ అనో మిక్స్‌డ్ బ్రీడ్ అనో, నిజమే రాయించండి. గొప్పకు ఇంకేదో జాతి పేరు కలిపితే లేనిపోని తంటా. పిట్‌బుల్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్, బుల్ టెరియర్ లాంటి జాతులకూ వాటి సంకరాలకూ జర్మనీలోకి ప్రవేశం లేదు.

ప్రయాణానికి ముందు చివరి కాగితం ఆరోగ్య ధ్రువపత్రం. మన వైపు నుంచి ఇది కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం, అంటే ఏక్యూసీఎస్ చేతిలో ఉంటుంది. హైదరాబాద్‌లోనూ వాళ్ల కేంద్రం ఉంది, శంషాబాద్ విమానాశ్రయం వైపు. మీ ఆయన పాస్‌పోర్టు, టికెట్, చిప్, టీకా, ల్యాబ్ కాగితాలు, డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ పత్రం పట్టుకుని మల్లితో సహా వెళ్లాలి. అధికారి సంతకం పడిన రోజు నుంచి పది రోజుల లోపే జర్మనీలో దిగాలి. కాబట్టి "ముందే చేయించి పెట్టుకుందాం" అనే మన అలవాటు ఈ ఒక్క కాగితానికి పనికిరాదు. ఫారం దిగే దేశపు భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ ఉండాలి. జర్మనీలో దిగితే జర్మన్, ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగితే డచ్. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది. నాలుగు వేలు మిగులుతాయని మధ్యలో ఇంకో దేశంలో మారే టికెట్ కొనకండి. దిగాక ఎర్ర ఛానల్‌లోకి వెళ్లి, కుక్క ఉందని కస్టమ్స్ వాళ్లకు చెప్పాలి, కాగితాలు చూసేది వాళ్లే.

18 కిలోల కుక్కను క్యాబిన్‌లో ఎక్కించరు. బోనులో, విమానం కింది భాగంలో తొమ్మిది పది గంటలు. అంతర్జాతీయ విమాన సంస్థల నియమం ప్రకారం ఆ బోనులో మల్లి తల తగలకుండా నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్లు చాపి పడుకోగలగాలి. కొలతలు మల్లిని నిలబెట్టి తీసుకుని తమ్ముడికి పంపండి. ప్రయాణం నాడు తెచ్చి అందులో తోస్తే ఏ కుక్కైనా బెంబేలెత్తిపోతుంది. ఆగస్టులోనే బోను తెప్పించి, తలుపు ఊడదీసి, తోటలో అది పడుకునే చోట పెట్టమనండి. రెండు పూటలా పెరుగన్నం అందులోనే పెట్టాలి. బాబు పాత టీషర్టు ఒకటి ఉతక్కుండా అందులో వేయండి. కొన్నాళ్లకు అదే వెళ్లి పడుకుంటుంది, అప్పుడు తలుపు బిగించి కాసేపు, తర్వాత ఇంకొంతసేపు మూసి అలవాటు చేయాలి. మత్తుమందు ఇచ్చి పంపమని ఎవరన్నా చెబితే వినకండి, గాల్లో ఊపిరికీ గుండెకూ అది ప్రమాదం. తోటలో ఉన్నన్నాళ్లూ ఊరకుక్కలతో కాట్లాటలు పడకుండా చూడమని తమ్ముడికి గట్టిగా చెప్పండి.

అక్కడికి చేరాక స్థానిక పశువైద్యుడి దగ్గర ఐరోపా పెట్ పాస్‌పోర్టు తీసుకోవచ్చు. నగరపాలక సంస్థలో నమోదు చేయించి కుక్క పన్ను కట్టాలి. పెద్ద నగరాల్లో అది ఏడాదికి దాదాపు వంద నుంచి నూటయాభై యూరోల దాకా ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి స్టుట్‌గార్ట్ రైల్లో వెళ్లేటట్టయితే మల్లికి టికెట్టూ కావాలి, మూతికి మజిల్ కూడా. మజిల్ కూడా ఇక్కడే అలవాటు చేయండి.

మొత్తానికి ఈ వారంలో మీ వైపు నుంచి టీకా, ఆయన వైపు నుంచి ఇంటాయనకు మెయిల్. ఆ మెయిల్‌కు జవాబు వచ్చేదాకా అక్టోబరు టికెట్ కొనకండి. జూన్ 20 టికెట్లు మాత్రం అలాగే ఉండనివ్వండి.